మాట కూలి

మాట్లాడితే ఐదువందలు ఇస్తామంటూ వచ్చిన అబ్బాయిని చూసి మా ఊరంతా నవ్వింది. నేను నవ్వలేదు. ముప్పై రెండేళ్ళుగా మాట్లాడినందుకు నాకు తిట్లు తప్ప ఇంకేమీ ముట్టలేదు. పుట్టింట్లో నోటిదురుసు అన్నారు, అత్తింట్లో గయ్యాళి అన్నారు, పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు నన్ను చూడగానే మొహం పక్కకు తిప్పుకుంటాడు. అలాంటి నాకు మాటకు కూలి ఇస్తామంటే, నా కోసమే ఎవరో కూర్చుని కనిపెట్టినట్టు అనిపించింది.

మాది బేతంచెర్ల వైపు ఎర్రకొట్టాల. ఊరంటే పెద్ద ఊరేం కాదు, నాపబండల గనుల అంచున ముప్పై ఇళ్ళు. మగవాళ్ళు లారీలకు బండలెత్తే ముఠాలో ఉంటారు, ఆడవాళ్ళం పాలిష్ ఫ్యాక్టరీలకు పోతాం. మా కోళ్ళు, మా వేపచెట్లు, మా కనురెప్పలు అన్నీ బండల దుమ్ముతో ఏడాది పొడుగునా తెల్లగానే ఉంటాయి.

వచ్చిన అబ్బాయి పేరు నాగార్జున. ఏదో సంస్థ తరఫున మోటారు సైకిలు మీద వచ్చాడు. పిల్లలు తక్కువున్న చిన్న బడులను పెద్ద బడుల్లో కలపాలని పైన ఆలోచిస్తున్నారట. అది ఎలా ఉండాలో మామూలు జనం కూడా కూర్చుని మాట్లాడాలట. టౌనులో రెండు సమావేశాలు పెడతారు. మా ఊరి నుంచి ఎనిమిది మందికి చోటు. మనిషికి పూటకు ఐదువందలు, ఆటో ఖర్చు, భోజనం.

"ఊరికే మాట్లాడేదానికి కూలి ఎందుకిస్తారు సార్?" అని ముఠాలో ఉండే బాలస్వామి అడిగాడు.

"మీటింగుకొస్తే మీకు ఆ రోజు కూలి పోతుంది కదన్నా. అందుకే మీలాంటోళ్ళు రారు. పనీపాటా లేనోళ్ళు వచ్చి మాట్లాడిపోతారు, అదే నిర్ణయమైపోతుంది. ఈసారి అట్ల కాకూడదని కూలి మేమే ఇస్తున్నాం. ఏం మాట్లాడాలో మేం చెప్పం. మీకు నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి."

ఆ అబ్బాయి నోట్లో చక్కెర పోయాలనిపించింది నాకు.

ఎందుకంటే ఆ చిన్న బడి మీదే నా ప్రాణం ఉంది. నా కూతురు ప్రణీతకు తొమ్మిదేళ్ళు, మూడో తరగతి. పుట్టినప్పటి నుంచి నడుము కింద పట్టు లేదు. కర్నూలు పెద్దాసుపత్రి చుట్టూ నాలుగేళ్ళు తిరిగాం, ఇంక తిరగొద్దని వాళ్ళే చెప్పారు. కానీ చదువు మాత్రం దానికి నీళ్ళు తాగినంత సులువు. మా గడప నుంచి బడి గడపకు అరవై అడుగులు. పొద్దున ఫ్యాక్టరీకి పోయే ముందు చంకనేసుకుని తీసుకుపోయి కిటికీ పక్కన కూర్చోబెడతాను. సాయంత్రం టీచరమ్మే ఎత్తుకొచ్చి దింపుతుంది. ఒకటే గది, ఒకటే టీచరు, పద్నాలుగు మంది పిల్లలు. దాన్ని కలపబోయే పెద్ద బడి మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది, దారి పొడుగునా లారీలే. వికలాంగుల క్యాంపులో ఇచ్చిన మూడు చక్రాల బండి ఆ గుంతల్లో పది అడుగులు పోదు. ఆటో అతన్ని అడిగితే నెలకు మూడు వేలన్నాడు, అది కూడా వానాకాలం రాడట. ఈ బడి పోతే నా బిడ్డకు చదువు లేదు. అంతే సంగతి.

అందుకని నాగార్జున కాగితం తీయగానే అందరికంటే ముందు నిలబడి, "నా పేరు రాయి తమ్ముడూ, శశికళ," అన్నాను.

"ఆగమ్మా," అన్నాడు ఇమాం బాషా మామ. "నీ వంతు కాదు కదా."

ఇమాం బాషా మా ముఠాకు మేస్త్రీ. ఆయనకు చదువు రాదు గానీ, ఆయన మాట దాటే మనిషి మా ఊళ్ళో లేడు. ఆయన ఇంటి గోడకు ఒక పెద్ద నాపబండ ఆనించి ఉంటుంది. దాని మీద ముప్పై ఇళ్ళ పేర్లు సుద్దముక్కతో రాసి ఉంటాయి. ఊరికి ఏ చిల్లర కూలి వచ్చినా, పెళ్ళిలో వడ్డన గానీ, ఓట్ల మీటింగులో కూర్చోవడం గానీ, ఆ పేర్ల వరసలోనే పోవాలి. దాన్ని వంతుబండ అంటాం. ఆ పేర్లు రాసేది ప్రణీతే. దాన్ని తీసుకుపోయి బండ ముందు కూర్చోబెడితే గుండ్రంగా, ముత్యాల్లా రాస్తుంది. మేస్త్రీకి దాని రాత మీద ఉన్న నమ్మకం కంప్యూటరు మీద కూడా లేదు.

నా కర్మ ఏమిటంటే, రెండు వారాల ముందే ఒక పార్టీ మీటింగుకు నా వంతు అయిపోయింది. ఏ పార్టీనో కూడా గుర్తు లేదు, కండువా రంగు మాత్రం గుర్తుంది. ఎండలో కూర్చుని, వాళ్ళు చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తి, మూడు వందలు, ఒక బిర్యానీ పొట్లం తెచ్చుకున్నాను. దాంతో బండ మీద నా పేరు అందరికంటే అడుక్కు పోయింది.

"మామా, ఇది ఆ మీటింగు లాంటిది కాదు. ఇది బడి సంగతి. నా బిడ్డ సంగతి," అన్నాను.

"నాకు తెల్దా శశికళా? కానీ ఒకసారి వంతు తప్పితే రేపు ఊరంతా తన్నుకు సస్తారు. పోయేటోల్లు నీ మాట చెప్తార్లే. నేను పోతాండా కదా."

ఎనిమిదో పేరు ఫాతిమా బీ అవ్వది. ఒంటరి మనిషి, కళ్ళు సరిగా కనపడవు. ఆమె ఇంటికి పరుగెత్తాను. "అవ్వా, దుడ్లు రెండు మీటింగులవీ నువ్వే తీసుకో. నేను ఊరికే పోయి కూకుంటా," అని బతిమాలాను.

ఆమెకు కోపం వచ్చింది. "పని చెయ్యకుండా దుడ్లు తీసుకునేదాన్ని మాదిరి కనపడుతాండానా నీకు? నా వంతు నేనే పోతా. పాప సంగతి నేనే చెప్తాలే, పో."

వాళ్ళ నిజాయితీ తగలెయ్య. ఆ ఎనిమిది మందినీ ఒక్కొక్కరినే పట్టుకుని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. లారీల రోడ్డు ఉందని చెప్పండి, నడవలేని బిడ్డ ఉందని చెప్పండి, మాకు బడి ఇక్కడే కావాలని చెప్పండి. ఎనిమిది మందీ తలూపారు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి సాయంత్రం ఐదు. ట్రాలీ ఆటో దిగుతూ నవ్వుకుంటున్నారు. బాలస్వామి మిగిలిన కోడికూర పొట్లం కట్టించుకొచ్చాడు. నేను ఆటో ఆగకముందే అడిగాను.

"చెప్తిరా?"

"అంతా బాగ జరిగింది శశికళా," అన్నాడు మేస్త్రీ. "శానా మర్యాదగా చూసినారు. మెత్తని కుర్చీలు, చల్లని గది. మేడమ్ ఒకామె అడిగింది, మేం పలికితిమి."

"ఏం అడిగింది?"

"పిల్లోల్లకు పెద్ద బడి, మంచి బడి కావాల్నా అనింది. ఊ అంటిమి. క్లాసుకొక టీచరు ఉండల్లనా అనింది. ఊ అంటిమి."

"తర్వాత?"

ఆయన తలపాగా తీసి దులిపాడు. "ఇట్లాంటి చిన్న బడులు దాంట్లో కలుపుదుమా అనింది."

"దానిక్కూడా ఊ అంటిరా మామా?"

ఫాతిమా బీ అవ్వ ఆటో కడ్డీ పట్టుకుని నేల వైపు చూస్తోంది.

"కూలిచ్చినోల్ల ముందర ఎదురు మాట్లాడితే ఎట్లమ్మా?" అన్నాడు మేస్త్రీ మెల్లగా. "ఏ పూట ఎవరి కూలి తింటే ఆ పూట వాళ్ళ పని చెయ్యల్ల. ఇరవై ఏండ్లుగా ముఠా నడిచేది దాని మీదనే కదా."

"వాళ్ళు కూలిచ్చిందే ఎదురు మాట్లాడేదానికి మామా!"

"దుడ్లిచ్చి ఎవరన్నా తిట్టించుకుంటారా, పిచ్చిదానా?"

ఆయన నిజంగానే అడిగాడు. ఆయన కళ్ళలో మోసం లేదు. నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది. వాళ్ళు ఇంతవరకు కూలి తీసుకుని వెళ్ళిన మీటింగులన్నీ అలాంటివే. చెయ్యెత్తమంటే ఎత్తాలి, జై అనమంటే అనాలి. మాట్లాడటానికే డబ్బులిచ్చే మీటింగు ఒకటి ఉంటుందని వాళ్ళకు ఎలా తెలుస్తుంది?

ఆ ఊ గురించి కూడా చెప్పాలి. ఎనిమిది మంది కలిసి పెద్ద బండ ఎత్తేటప్పుడు ఒక్కడే పలకాలి. మేస్త్రీ "ఎత్తుదుమా?" అంటాడు, మిగతావాళ్ళు ఒక్క గొంతుతో "ఊ!" అంటారు. "నడుద్దుమా?" "ఊ!" "దించుదుమా?" "ఊ!" అంతే. మధ్యలో రెండో గొంతు లేవకూడదు. ఆరేళ్ళ కిందట ఒకసారి లేచింది. మేస్త్రీ దించుదుమా అంటున్నప్పుడే కొత్తగా చేరిన కుర్రవాడెవరో ఆగమని అరిచాడు. నలుగురు దించారు, నలుగురు ఆగారు. బండ అంచు మా ఆయన వీరేష్ కుడి పాదం మీద పడింది. నాలుగు వేళ్ళు పోయాయి. ఇప్పుడు గనిలో కాపలా ఉంటాడు, బరువు మోసి వంద అడుగులు నడవలేడు. అందుకే బిడ్డను ఎత్తే పని నాది.

ఆ సాయంత్రం వీరేష్ నా వైపు చూసి, "మేస్త్రీతో కొట్లాడొద్దు. ముఠాలో రెండో గొంతు వద్దు," అన్నాడు.

"నీ పాదం పోయింది కాబట్టి నా బిడ్డ నోరు కూడా పోవాల్నా?" అని అరిచాను. అనకూడని మాట. అన్నాక ఏడుపొచ్చింది. ప్రణీత పలక మీద ఏదో గీస్తూ, తల ఎత్తకుండా, "నాయన మీద అరవొద్దు మా," అంది.

మర్నాడు నాగార్జునకు ఫోను చేశాను. అతని గొంతు నీరసంగా ఉంది. "ఏకగ్రీవంగా ఒప్పుకున్నారని రాసేసినారక్కా. నేను ఆశపడింది ఇది కాదు. రెండో మీటింగులో మార్చొచ్చు. కానీ రిజిస్టర్లో సంతకం పెట్టిన మనిషే లేచి చెప్పాలి. అట్ల చెప్తే రాయకుండా ఉండలేరు. మీరు రండి."

రెండో మీటింగుకూ ఆ ఎనిమిది మందే పోవాలి. నేనెలా పోను? రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పొద్దున ఫాతిమా బీ అవ్వ గోడ పట్టుకుంటూ మా ఇంటికొచ్చింది. "నాకు జరమొచ్చిందని మేస్త్రీకి చెప్పినా. రోగమొస్తే వంతు ఎవరికియ్యల్లనో మన ఇష్టమే కదా. నీకిచ్చినా. పో." ఆమె చెయ్యి పట్టుకుని చూశాను, చల్లగా ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి నా బిడ్డ కోసం అబద్ధమాడింది. ఆమె కాళ్ళ మీద పడ్డాను.

టౌనులో ఫంక్షన్ హాలు. గుండ్రంగా బల్లలు వేసి ఊరికొక బల్ల కేటాయించారు. గుమ్మం దగ్గర క్లర్కు రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని కవరు చేతికిచ్చాడు. నాగార్జున నన్ను చూసి కళ్ళతోనే ధైర్యం చెప్పాడు. మా బల్ల దగ్గర ఏడుగురు మగవాళ్ళు, నేను. కవర్లు అందరి చొక్కా జేబుల్లో ఉన్నాయి, నాది చేతిలో ఉంది.

ముందు కుర్చీలో కూర్చున్న మేడమ్ పెద్దామె, మెత్తని మనిషి. కిందటి మీటింగులో రాసింది చదివించింది. ఎర్రకొట్టాల బడిని కలపడానికి గ్రామ ప్రతినిధులు ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు అన్న దగ్గర ఆగి, మా బల్ల వైపు నవ్వుతూ చూసి, "ఇది సరేనా?" అని అడిగింది.

మేస్త్రీ గొంతు సవరించుకుని "ఊ" అన్నాడు. వెనకనే ఆరు గొంతులు "ఊ!" అన్నాయి.

నేను లేచాను. బాలస్వామి నా కొంగు పట్టి లాగాడు. "గమ్మున కూకో మ్మే!"

మేస్త్రీ నా వైపు తిరగకుండానే అన్నాడు. "శశికళా, వాళ్ళ కూలి నీ చేతిలోనే ఉండాది. సూసుకో."

చూసుకున్నాను. నిజమే, తెల్ల కవరు నా చేతిలోనే ఉంది. మా వాళ్ళ నోళ్ళు మూసింది ఇదే కదా అనుకున్నాను. గబగబా ముందుకు నడిచి ఆ కవరు మేడమ్ బల్ల మీద పెట్టాను.

"ఇదో మీ కూలి. ఇప్పుడు నేను మీ కూలి మనిషిని కాదు. ఇప్పుడు మాట్లాడతా."

మాట్లాడాను. అరవై అడుగుల గురించి చెప్పాను. లారీల గురించి, గుంతల గురించి, మా ఆయన పాదం గురించి చెప్పాను. నా బిడ్డ రాత గురించి, ఊరి పేర్లన్నీ అదే రాస్తుందని చెప్పాను. మిగతా పిల్లలు నడిచి పోతారేమో, నా బిడ్డ ఎట్లా పోతుంది, నేను చచ్చేదాకా మోస్తాను, నేను చచ్చాక ఎవరు మోస్తారని అడిగాను. పెద్ద బడి వద్దనలేదు. చిన్న బడి ఉండనివ్వండి అన్నాను. పక్క ఊరి బల్లల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు. నా జన్మలో నేను మాట్లాడినందుకు చప్పట్లు కొట్టడం అదే మొదలు.

"చాలా బాగా చెప్పావమ్మా," అంది మేడమ్. నిజంగానే అంది. "ఇది రాసుకోండి."

అప్పుడు క్లర్కు రిజిస్టరు పట్టుకుని వంగి ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె మొహం మారింది. "అమ్మా, నువ్వు గౌరవవేతనం వాపసు ఇచ్చేశావు కదా. ఇంక నువ్వు లెక్క ప్రకారం పాల్గొన్న మనిషివి కావట. వీరు నీ సంతకం కొట్టేశారు."

"అయితే?"

"సంతకం లేని మనిషి మాట ఇందులో రాస్తే ఆడిట్‌లో మొత్తం చర్చే చెల్లదంటారు."

"మేడమ్, ఆమె మాట్లాడేది మనమందరం విన్నాం," అని నాగార్జున లేచాడు. "విన్నాం బాబూ, వినలేదని నేననడం లేదు," అంది ఆమె.

"అయితే నా కవరు నాకియ్యండి! మల్లా సంతకం పెడతా!" నేను బల్ల మీద కవరు లాక్కోబోయాను. క్లర్కు రిజిస్టరు నా వైపు తిప్పి చూపించాడు. నా పేరు ఎదురుగా ఎర్ర గీత ఉంది. "కొట్టేసిన గడిలో మళ్ళీ పెట్టకూడదమ్మా," అన్నాడు, అదేదో తన చేతిలో లేని వానాగాలి అన్నట్టు. ఆ గీత గీసిన చెయ్యి అతనిదే. నాకు ఒళ్ళు మండింది, కానీ మంటతో ఏం చేయను?

మేడమ్‌కు జాలేసింది. "ఒక పని చేద్దాం. మీ ఊరివాళ్ళు ఇంకా ఏడుగురున్నారు కదా. వాళ్ళలో ఒక్కరు లేచి ఇదే మాట చెప్పినా చాలు, రాయిస్తాను."

ఒక్కరు చాలు. నేను మా బల్ల వైపు తిరిగి రెండు చేతులూ జోడించాను. నేను ఎవరికీ చేతులు జోడించే రకం కాదని వాళ్ళకు తెలుసు. "అన్నా, బాలస్వామన్నా, నువ్వు చెప్పు. నా బిడ్డను ఎత్తుకుని ఆడించినావు కదన్నా." బాలస్వామి లేచాడు. నోరు తెరిచాడు. మేస్త్రీ వైపు చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. మిగతావాళ్ళు బల్ల మీద నీళ్ళ సీసాలను చూస్తున్నారు.

"మామా," అన్నాను. "నువ్వు పలికితేనే వాళ్ళు పలుకుతారు. పలుకు మామా, నీకు దండం పెడతా."

ఇమాం బాషా మామ చెయ్యి జేబులో కవరు మీదికి పోయింది. చాలాసేపు అక్కడే ఉంది. చివరికి లేచాడు. ఆయనకు చేతనైంది ఒకటే. బండ ముందు నిలబడ్డట్టు కాళ్ళు ఎడంగా పెట్టి, హాలు అదిరేలా పిలిచాడు.

"మా బడి మా ఊర్లోనే ఉండల్లనా?"

"ఊ!"

ఆరు గొంతులూ ఒక్కసారిగా లేచాయి. కిటికీ అద్దాలు కదిలినట్టనిపించింది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను. అయిపోయింది, గట్టెక్కింది అనుకున్నాను.

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పెద్దాయనా, ఇప్పుడే కదా కలపడానికి ఊ అన్నారు? మొన్న కూడా అన్నారు. ఇప్పుడు దీనికీ ఊ అంటున్నారు. నన్ను ఏ ఊ రాసుకోమంటారు?"

హాల్లో ఎవరో నవ్వారు.

"పోనీ, ఎందుకు ఉండాలో మీ మాటల్లో చెప్పండి. ఎవరో ఒకరు చెప్పండి," అంది.

మేస్త్రీ నిలబడే ఉన్నాడు. పెదవులు కదిలాయి. ఇరవై ఏళ్ళుగా ఆయన అడగడం, వాళ్ళు ఊ అనడం తప్ప ఆ ముఠాకు ఇంకో మాటతో పని పడలేదు. ఎందుకు అని ఏ బండా వాళ్ళను అడగలేదు. ఆయన నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరచిపోను. మెల్లగా కూర్చున్నాడు.

మేడమ్ గడియారం చూసుకుంది. "అయితే మొదట రాసింది అలాగే ఉంచుదాం," అంది. టీ వచ్చింది.

జూన్‌లో మా బడికి తాళం పడింది. టీచరమ్మ వెళ్ళిపోయే ముందు ప్రణీతకు ఒక సుద్దముక్కల డబ్బా ఇచ్చి, దాన్ని పట్టుకుని ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే మేస్త్రీ మా ఇంటి ముందు నిలబడ్డాడు. ఆ మీటింగు తర్వాత ఆయన నాతో మాట్లాడటం అదే మొదలు. తప్పయిందని అనలేదు. అనే అలవాటు ఆయనకు లేదు. నన్ను పిలిచి, పాపను వంతుబండ దగ్గరికి తెమ్మన్నాడు. పాత పేర్లు తడిగుడ్డతో తుడిపించాడు.

"కొత్త వంతు రాయి పాపా. నిన్ను పెద్ద బడికి మోసుకుపోయే వంతు. దినానికి ఒకరు. మొదట నా పేరే రాయి."

ప్రణీత రాసింది. ముఠాలో ఒక్కొక్కరి పేరే, గుండ్రంగా. చివరి పేరు రాశాక తల ఎత్తి అడిగింది.

"ఈ వంతుకు కూలి ఎవరిస్తారు తాతా?"

"దీనికి కూలి లేదు పాపా," అన్నాడు ఆయన.

తొమ్మిది రోజులు నడిచింది. అబద్ధం చెప్పకూడదు, ఒక్కరు కూడా మొహం చిట్లించలేదు. మేస్త్రీ అరవై ఏళ్ళ వయసులో దాన్ని వీపు మీద మోసుకుని ఆ మూడు కిలోమీటర్లు పోయాడు. కానీ పొద్దున దింపి, సాయంత్రం తెచ్చేసరికి రోజు సగం పోతుంది, ఆ పూట ఆ ఇంట్లో కూలి లేదు. పదో రోజు బేతంచెర్ల స్టేషనుకు పెద్ద ఆర్డరు వచ్చింది, ఆరింటికే ముఠా మొత్తం లోడింగుకు పోయింది. ఒక్క మనిషి తగ్గితే బండ లేవదు. నేను వాళ్ళను ఏమనగలను? ప్రణీత తల దువ్వుకుని, సంచి తగిలించుకుని, గడపలో కూర్చుని ఎనిమిదిన్నర దాకా రోడ్డు వైపే చూసింది. తర్వాత, "ఈరోజు వద్దులే మా," అంది.

ఆ మాట నేను భరించలేకపోయాను. ఫ్యాక్టరీలో ఆ నెల అప్పటికే రెండు నాగాలు అయ్యాయి. మూడోది అయితే రానక్కర్లేదని సూపర్‌వైజరు ముందే చెప్పాడు. చెప్పనీ. దాన్ని చంకనేసుకుని బయటికి నడిచాను.

అరవై అడుగుల మోతకు అలవాటు పడిన నడుము అది. తొమ్మిదేళ్ళ పిల్ల, ఎండ, పక్కనుంచి లారీలు. పోయే ప్రతి లారీ మా ఇద్దరినీ తెల్ల దుమ్ములో ముంచి పోతోంది. మొదటి మలుపు దాకా పోయేసరికి నా చేతులు నావి కానట్టయ్యాయి. రోడ్డు పక్కన పడేసిన బండ మీద దాన్ని దించి, పక్కనే కూలబడ్డాను. రేపు ఎవరు మోస్తారు? ఎల్లుండి? ఇలా ఎన్నాళ్ళు? నాకు జవాబు తెలీదు. గట్టిగా ఏడ్చాను, లారీల మోతలో ఎవరికి వినపడుతుంది?

ప్రణీత నా మెడ మీద దుమ్ము తుడిచింది. దాని చేతికి పొద్దున పలక మీద రాసిన సుద్ద ఇంకా అంటుకుని ఉంది.

లేచాను. దాని ముందు వంగి, రెండు చేతులూ దాని కింద పెట్టాను. నా నోట్లోంచి మేస్త్రీ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు.

"ఎత్తుదుమా?"

అది నా మెడ చుట్టూ చేతులు వేసి బిగించింది.

"ఊ," అంది.